బొగ్గు ధూళిలో గేమింగ్ పీసీ

ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లలో, కరెంటు ఎగుడుదిగుడుగా వచ్చే ఇళ్లలో, టవర్ అందీ అందని అడవి అంచున కంప్యూటర్ గేమ్ తడబడకుండా నడవాలంటే ఏం మార్చాలి? ఏం ముట్టుకోకూడదు?

మొదటి పావుగంట అంతా బాగానే ఉంటుంది. వాలరెంట్ అనే షూటింగ్ ఆటలో మ్యాచ్ మొదలవుతుంది. మౌస్ ఎటు తిప్పితే చూపు అటే తిరుగుతుంది. తెర మూలన ఫ్రేముల అంకె 120 దగ్గర ఆడుతూ ఉంటుంది. కాసేపటికి కేబినెట్‌లో ఫ్యాన్ల మోత పెరుగుతుంది. ఇంకో పది నిమిషాలకు, ఎదుటివాడు గోడ మలుపు తిరిగే సరిగ్గా ఆ క్షణంలో, బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి మన ఆటగాడు నేల మీద పడి ఉంటాడు. కొత్తగూడెంలోనో మణుగూరులోనో మే నెల మధ్యాహ్నం పీసీ మీద ఆడే ఏ కుర్రాణ్ని కదిపినా ఇదే మాట: "ముందు మంచిగనే నడుస్తది అన్నా, తర్వాత ల్యాగ్ కొడుతది."

ఆ తర్వాత ఏం చేస్తారో కూడా అందరికీ తెలిసిందే. యూట్యూబ్‌లో ఎఫ్‌పీఎస్ పెంచే వీడియోలు వెతుకుతారు. ఎవరో చెప్పిన రిజిస్ట్రీ మార్పులన్నీ చేస్తారు. బూస్టర్ పేరుతో దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. పవర్ సెట్టింగ్‌ను గరిష్ఠానికి తోస్తారు. దానితో వేడి ఇంకా పెరిగి, ల్యాగ్ ఇంకా ముందే మొదలవుతుంది. చివరికి "గ్రాఫిక్స్ కార్డు పాతదైంది, కొత్తది కొనాలి" అనే తీర్పు వస్తుంది. ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం లేక ఆటే మానేస్తారు, లేదా అప్పు చేసి కార్డు మారుస్తారు. కార్డు మారినా అదే గది, అదే దుమ్ము, అదే వోల్టేజీ కాబట్టి నెల తిరక్కుండానే పాత కథ మొదలవుతుంది.

ఆ వీడియోల్లో చాలావరకు ఏసీ గదుల్లో కూర్చుని చేసినవి. అక్కడ గది ఉష్ణోగ్రత 22, 24 డిగ్రీలు. కరెంటు నిలకడగా ఉంటుంది, ఫైబర్ లైన్ ఇంట్లోకి వస్తుంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి చర్ల వరకు పరుచుకున్న ఈ ప్రాంతానికి ఆ సలహాలు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు, కొన్ని హాని కూడా చేస్తాయి. ఇక్కడ పీసీని సరిచేయడం అంటే వేడి, దుమ్ము, కరెంటు, ఇంటర్నెట్ లైన్ ఈ నాలుగింటినీ ముందు దారికి తెచ్చుకోవడం. సెట్టింగుల సంగతి ఆ తర్వాత.

అంకె పెద్దదైతే చాలదు

అసలు ఆట సాఫీగా నడవడం అంటే ఏమిటి? చాలామంది ఎఫ్‌పీఎస్ అంకె చూసి చెబుతారు. సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయన్నది ఆ అంకె. కానీ అది సగటు. సెకనులో 60 ఫ్రేములు వచ్చాయంటే ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లకు వచ్చిందని అర్థం కాదు. 59 ఫ్రేములు గబగబా వచ్చేసి, ఒక్క ఫ్రేము మాత్రం 150 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా లెక్కలో 60గానే కనిపిస్తుంది. కంటికి మాత్రం ఆ ఒక్కటే తగులుతుంది. బస్సులో ప్రయాణం గుర్తు చేసుకోండి: 80లో తోలుతూ ప్రతి గుంత దగ్గరా సడన్ బ్రేకు వేసే డ్రైవరు కన్నా 50లో ఒకేలా తోలే డ్రైవరు బస్సులోనే మనకు నిద్ర పడుతుంది.

ఈ సంగతిని ముందుగా గట్టిగా ఎత్తిచూపిన వాళ్లలో అమెరికా జర్నలిస్టు స్కాట్ వాసన్ ఒకరు. 2011లో 'ద టెక్ రిపోర్ట్'లో ఆయన గ్రాఫిక్స్ కార్డులను సగటు అంకెతో కాకుండా ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయంతో కొలిచి చూపించారు. సగటులో సమానంగా ఉన్న రెండు కార్డుల్లో ఒకటి సాఫీగా ఉండి, రెండోది ఎందుకు తడబడుతుందో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత పరిశ్రమే కొలత మార్చుకుంది. ఇప్పుడు సమీక్షల్లో 'వన్ పర్సెంట్ లో' అని కనిపించే అంకె అక్కడి నుంచి వచ్చిన ఆలోచనే. వచ్చిన ఫ్రేముల్లో అతి నిదానమైన ఒక శాతం ఎలా ఉన్నాయో అది చెబుతుంది.

మీ పీసీలో దీన్ని చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. దానితో పాటు వచ్చే రివా ట్యూనర్ తెర మీద ఫ్రేము సమయాన్ని గీతలా చూపిస్తుంది. గీత చదునుగా ఉంటే ఆట సాఫీగా ఉన్నట్టు. మధ్యమధ్య సూదుల్లా పైకి లేస్తుంటే తడబాటు అక్కడే. అదే తెర మీద ప్రాసెసర్ వేడి, కార్డు వేడి, వాటి వేగం కూడా పెట్టుకోండి. ఏ సెట్టింగ్ మార్చకముందే అరగంట ఆడి ఈ అంకెలు చూడండి. వేడి 90 దాటిన దగ్గర వేగం పడిపోతూ, గీత అప్పుడే సూదులు లేపుతుంటే మీ రోగం సాఫ్ట్‌వేర్‌లో లేదు.

ముందు మూత తీయండి

ఎంత మంచి ఫ్యాన్ అయినా గది గాలి కన్నా చల్లగా చిప్‌ను ఉంచలేదు. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర ఆడుతున్నప్పుడు ప్రాసెసర్ 72 డిగ్రీలు చూపిస్తుందనుకుందాం. గదికీ చిప్‌కూ తేడా 48. అదే పీసీని పాల్వంచలో రేకుల గదిలో 40 డిగ్రీల మధ్యాహ్నం నడిపితే తేడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి చిప్ 88కి చేరుతుంది. చాలా ప్రాసెసర్లకు 95 నుంచి 100 డిగ్రీలు హద్దు. అక్కడికి రాగానే కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి అది వేగం తగ్గించేస్తుంది, కాస్త చల్లబడ్డాక మళ్లీ పెంచుతుంది. ఈ పడిలేచే వరసే ఆటలో తడబాటు. మన దగ్గర ఆ హద్దుకూ నడిచే వేడికీ మధ్య ఏడు నుంచి పన్నెండు డిగ్రీలే మిగులుతాయి. వాటిని తినేసేది దుమ్ము.

ఇక్కడి దుమ్ము కూడా మామూలుది కాదు. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ కోసే పొడి. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, సత్తుపల్లి వైపు ఓపెన్‌కాస్టుల నుంచి, బొగ్గు లారీల నుంచి లేచే నల్లటి ధూళి. అది ఎంత సన్ననిదంటే తలుపులు వేసి ఉన్నా వస్తుంది.

కొత్తగూడెంలో ఒక రిపేరు షాపులో మూడేళ్లుగా మూత తీయని కేబినెట్‌ను విప్పుతుంటే చూశాను. పైపైన చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే ఉన్నట్టుంది, రెక్కల ముందంచున మాత్రం కాటుక గీసినట్టు నల్లటి గీత. నాలుగు క్లిప్పులు విప్పి ఫ్యాన్‌ను పైకి లేపితే అసలు సంగతి బయటపడింది. ఫ్యాన్‌కూ కింది అల్యూమినియం రేకులకూ మధ్య నల్లటి దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంది, గోటితో లాగితే ఊడిపోకుండా మొత్తం ఒకే చాపలా లేచి వచ్చింది. వంటింటి నూనె ఆవిరి, బొగ్గు ధూళి కలిసి జిగురు కట్టిందన్నమాట. దాని కింద థర్మల్ పేస్టు ఎండిపోయి సుద్దలా పొడిపొడిగా రాలింది. ఫ్యాన్ గంటలతరబడి తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం రేకుల దాకా చేరడం లేదు. పక్కనే నిలబడ్డ పిల్లాడు "కార్డు మార్చాలా అన్నా?" అని అడిగితే, షాపతను తల ఎత్తకుండానే "ఏం మార్చకు తమ్ముడూ, దీనికి ఊపిరాడ్తలేదు, అంతే" అన్నాడు.

దుమ్ము తీసే ఆ పని ఇంట్లో చేసుకోవచ్చు. కరెంటు తీసేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలి వేగానికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. జిగురు పట్టిన చోట బ్లోయర్ ఒక్కటే చాలదు, మెత్తటి బ్రష్ కావాలి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాలి. ఏఎండీ ఏఎం4 ప్రాసెసర్ అయితే కూలర్‌ను నిట్టనిలువునా లాగకండి, ఎండిన పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు ఆడించి వేడెక్కాక ఆపేసి, కూలర్‌ను అటూఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఈ బొగ్గు ఊళ్లలో ఎండాకాలానికి ముందొకసారి, దసరా దగ్గర ఒకసారి ఈ పని తప్పదు. ముందువైపు ఫ్యాన్లకు సన్నటి జాలీ ఫిల్టర్ పెట్టుకుని వారం వారం దులిపితే లోపలికి చేరే దుమ్ము బాగా తగ్గుతుంది. గుడ్డ మాత్రం కట్టకండి, దుమ్ముతో పాటు గాలినీ ఆపేస్తుంది.

కేబినెట్‌ను నేల మీద పెట్టకండి. దుమ్ము ఎక్కువగా పీల్చేది అక్కడే. భద్రాచలం, బూర్గంపాడు వైపు వాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది: 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చినప్పుడు మునిగిన ఇళ్లలో నేల మీద ఉన్న సామాను మిగల్లేదు. డెస్కు కింది గూట్లో, గోడకు ఆనించి పెట్టడం కూడా తప్పే. వెనక నుంచి బయటికొచ్చిన వేడి గాలే తిరిగి ముందు నుంచి లోపలికి వెళ్తుంది. ఎయిర్ కూలర్ గదిని చల్లబరిస్తే మంచిదే, కానీ ఆ తడి గాలి, నీటి తుంపర నేరుగా కేబినెట్ మీదికి కొట్టకుండా చూడాలి, ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి.

ఏసీ గది సలహా, రేకుల గది సలహా

పవర్ ప్లాన్ గరిష్ఠానికి పెట్టండి, ఫ్రేముల హద్దు తీసేయండి, కార్డును ఓవర్‌క్లాక్ చేయండి. వీడియోల్లో మొదట చెప్పేవి ఇవే. మన దగ్గర ఈ మూడింటినీ తిరగేసి చేయాలి.

చిప్ వాడుకునే కరెంటు దాని వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పై చివర కాస్త వేగం పెంచాలన్నా వోల్టేజీ బాగా పెంచాలి. అంటే ఆఖరి అయిదు, పది శాతం వేగం కోసం మనం ఇచ్చే మూల్యం అంతా వేడి రూపంలోనే. ఆ కొసను వదులుకుంటే వేడి దానికి మించి తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ గీతను 100 నుంచి 80కి దించి చూడండి. చాలా కార్డుల్లో ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి మాత్రం స్పష్టంగా పడిపోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 బదులు 99 చేస్తే టర్బో ఆగిపోతుంది. ఆ ఒక్క శాతం మార్పుకే చిప్ వేడి పదీ పదిహేను డిగ్రీలు దిగడం చూడొచ్చు. ప్రాసెసర్ మీద బాగా ఆధారపడే ఆటల్లో సగటు కాస్త తగ్గుతుంది కాబట్టి మీ ఆటలో రెండు విధాలా నడిపి ఫ్రేము గీత చూసి నిర్ణయించుకోండి.

అన్నిటికన్నా పెద్ద మందు ఫ్రేములకు హద్దు పెట్టడం. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలకు మించి చూపించలేదు. కార్డు 110 ఫ్రేములు గీస్తుంటే అందులో దాదాపు సగం పని గదిని వేడెక్కించడానికే పోతుంది. వాలరెంట్ లాంటి పోటీ ఆటల్లో ఎక్కువ ఫ్రేములుంటే మౌస్ స్పందన కాస్త ముందుంటుందన్నది నిజమే. కానీ అరగంటకు తడబడి 45కి పడిపోయే 110 కన్నా మ్యాచ్ చివరిదాకా కదలని 75 మేలు. మీ పీసీ వేడెక్కాక కూడా తప్పకుండా ఇవ్వగల అంకె ఎంతో చూసి, అక్కడ హద్దు పెట్టండి.

కథల ఆటల్లో 60 రాకపోతే 30కి దిగాల్సిందే అనుకుంటారు. మధ్యలో 40 ఉంది. 30 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7. ఈ రెంటికీ సరిగ్గా నడుమ 25 మిల్లీసెకన్లు, అంటే 40 ఫ్రేములు. వాల్వ్ కంపెనీ 2022లో స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రానికి తెరను 40 హెర్ట్జ్‌కు దించే వీలు ఇచ్చింది. బ్యాటరీ మిగిలింది, ఆట చేతికి హాయిగా అందింది. 120 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు 40 దగ్గర, 144 హెర్ట్జ్ ఉన్నవాళ్లు 48 లేదా 72 దగ్గర ఆపితే ప్రతి బొమ్మా తెర మీద ఒకే లెక్కన నిలుస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్‌కు 40 లెక్క కుదరదు, అక్కడ 30 గానీ 60 గానీ.

పైసా ఖర్చు లేనివి

గ్రాఫిక్స్ కార్డు కొన్నాక కూడా మానిటర్ తీగను పాత అలవాటుకొద్దీ మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకే తగిలించి నెలలతరబడి ఆడినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. తీగను కింద ఉన్న కార్డుకే పెట్టాలి. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవాళ్లు డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అంకెను స్వయంగా ఎంచుకోవాలి, చాలాసార్లు విండోస్ దాన్ని 60 దగ్గరే వదిలేస్తుంది.

ర్యామ్ విషయంలో ఇంకా ఎక్కువ నష్టపోతున్నారు. ప్యాకెట్ మీద 3200 అని ఉన్న ర్యామ్ బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే 2133 దగ్గరో 2400, 2666 దగ్గరో నడుస్తుంది. ఒకే పుల్ల 16 జీబీ కన్నా రెండు 8 జీబీ పుల్లలు మేలు. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్క ఛానెల్‌లో సెకనుకు 25.6 జీబీ మోస్తుంది, రెండు ఛానెళ్లలో 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేక, రైజెన్ 5600జీ లాంటి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకు ఈ తేడా ఆటనే మార్చేస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్కన గుచ్చితే రెండూ ఒకే ఛానెల్‌లో పడొచ్చు.

విండోస్‌లో చేయాల్సినవి నిజానికి కొన్నే. స్టార్టప్‌లో తనంతట తానే లేచే ప్రోగ్రాములు ఆపండి. గేమ్ మోడ్ ఆన్‌లో ఉంచండి. వెనకాల గేమ్‌ను రికార్డు చేస్తూ ఉండే సౌకర్యం ఆపండి. ఆడేటప్పుడు బ్రౌజర్ మూసేయండి, 8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లయితే తప్పనిసరిగా. గ్రాఫిక్స్ డ్రైవర్ తాజాగా ఉంచండి. డ్రైవర్ మార్చాక కొత్త ఆటల్లో మొదటిసారి తడబాటు వస్తే కంగారు పడనక్కర్లేదు. షేడర్లను మళ్లీ తయారుచేసుకునే పని అది, ఒకసారి అయ్యాక సర్దుకుంటుంది. విండోస్ 11లో 'మెమరీ ఇంటిగ్రిటీ' అనే రక్షణ ఫ్రేములను కొంత తింటుందన్నది నిజం. ఆడేటప్పుడు ఆపి తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవచ్చని మైక్రోసాఫ్ట్ 2022లో తానే చెప్పింది. కానీ అదే పీసీలో నాన్న బ్యాంకు లావాదేవీలు చేస్తుంటే దాన్ని ముట్టుకోవద్దనే చెబుతాను.

బూస్టర్లు, ర్యామ్ క్లీనర్లు, రిజిస్ట్రీ ఫైళ్లు వద్దు. గేమర్ల కోసమంటూ ఎవరో కత్తిరించి ఇచ్చే విండోస్ అసలే వద్దు. ఫ్రేములు పెంచుతామని చెప్పే ఆ కాపీల్లో చాలావాటిలో సెక్యూరిటీ అప్‌డేట్లు తీసేసి ఉంటాయి, లోపల ఇంకేం చేర్చారో చూసే దారి మనకు ఉండదు. దొంగ యాక్టివేటర్లతో పాటు పాస్‌వర్డులు దోచే ప్రోగ్రాములు రావడం మామూలైపోయింది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ పీసీ 11కు సరిపోతే మారండి.

ఆట లోపలి సెట్టింగుల్లో అన్నిటినీ 'లో'కి దించేయడం తొందరపాటు. నీడలు, పొగమంచు, ప్రతిబింబాలు, ఈ మూడే కార్డును ఎక్కువగా పిండుతాయి. ముందు వీటిని తగ్గించండి. టెక్స్చర్లు మాత్రం కార్డు మెమరీ సరిపోయినంత వరకు వేగాన్ని పెద్దగా తినవు. మెమరీ దాటాక ఆట ఒక్కసారిగా కుంటుతుంది, 4 జీబీ కార్డులవాళ్లు అక్కడ జాగ్రత్తగా ఉండాలి. రిజల్యూషన్ లెక్క సూటిగా ఉంటుంది: 1920 అడ్డం 1080 నిలువు అంటే 20,73,600 చుక్కలు, 1600 అడ్డం 900 అంటే 14,40,000. దాదాపు మూడో వంతు పని తగ్గుతుంది. ఏఎండీ 2021లో తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ ఈ పనిని ఇంకా నేర్పుగా చేస్తుంది. చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపిస్తుంది. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఆర్‌టీఎక్స్ కార్డే ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఆర్ మొదటి మూడు తరాలకు అలాంటి పట్టింపు లేదు. జీటీఎక్స్ 1650 దగ్గరుంటే ఆటలో ఎఫ్‌ఎస్‌ఆర్ ఉందేమో మొదట వెతకండి.

కరెంటు సంగతి

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం (కేటీపీఎస్), మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. అయినా లైను చివరన ఉన్న పల్లెల్లో సాయంత్రం మోటార్లు, కూలర్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారి పడగానే ట్యూబులైటు వణుకుతుంది. పీసీ మీద దాని దెబ్బ చాలామంది గుర్తించరు. కేబినెట్‌లో కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, తనకు కావలసిన వాట్లు ఎలాగైనా లాగుతుంది. 300 వాట్లకు 230 వోల్టుల దగ్గర 1.3 ఆంపియర్లు చాలు. అదే 160కి పడితే దాదాపు 1.9 ఆంపియర్లు లాగాలి. లోపలి భాగాలు అంత ఎక్కువ వేడెక్కుతాయి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లకు ఆ ఓపిక ఉండదు. ఆట బరువైన సన్నివేశంలోకి రాగానే పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే చాలామంది విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌ను, వోల్టేజీని.

మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ నిజంగా మోసేది 360 వాట్ల దరిదాపుల్లో. కార్డు ఉన్న పీసీకి, మానిటర్‌కు కలిపి అది ఒక నిమిషమో రెండు నిమిషాలో ఊపిరి ఇస్తుంది. ఆట ఆపి, సేవ్ చేసి, పీసీ సరిగ్గా ఆపుకోవడానికి ఆ సమయం. ఆటను కొనసాగించడానికి కాదు. ఇంట్లో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఇంకో చిక్కు. మంచి రకం ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది, దానికీ స్క్వేర్ వేవ్‌కూ జత అన్నిసార్లూ కుదరదు, కరెంటు పోగానే పీసీ ఆగిపోతుంది. ఇన్వర్టర్ మార్చే రోజు వస్తే ప్యూర్ సైన్ వేవ్ అడగండి. పీసీకి ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల పాయింటే వాడండి, కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే ఎర్తింగ్ లేనట్టే.

గాలిదుమారాలతో ఉరుములు మొదలయ్యే రోజుల్లో ప్లగ్‌తో పాటు ఇంటర్నెట్ తీగ కూడా పీకాలి. బయటి నుంచి రాగి తీగ మీద వచ్చే లైన్ అయితే పిడుగు దెబ్బ దాని గుండా వచ్చి మదర్‌బోర్డు లాన్ పోర్టును కాల్చేస్తుంది.

చర్ల నుంచి ముంబయి దాకా

ల్యాగ్ అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు జబ్బులను పిలుస్తున్నాం. బొమ్మే ఆగితే అది పీసీ తడబాటు. బొమ్మ సాఫీగా కదులుతూ, కాల్చిన తూటా ఆలస్యంగా తగిలితే, మనిషి వెనక్కి జారినట్టు కనిపిస్తే అది లైన్. గ్రాఫిక్స్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఈ రెండోది తగ్గదు.

వాలరెంట్‌కు ముంబయిలో సర్వర్లు ఉన్నాయి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. భద్రాచలం నుంచి హైదరాబాద్ మీదుగా ముంబయికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, పోయి రావడానికి పదీ పన్నెండు మిల్లీసెకన్లు చాలు. మిగిలిందంతా దారిలో రూటర్ల దగ్గర, టవర్ దగ్గర, మన ఇంట్లో పోతున్న సమయం. ఇంట్లో పోయేదాన్ని మనం ఆపగలం. వైఫై వదిలి లాన్ తీగ పెట్టండి. తీగ కుదరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ బదులు 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. విండోస్ అప్‌డేట్లను పక్కవాళ్లకు పంచే డెలివరీ ఆప్టిమైజేషన్ ఆపండి. ఆ సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ నిండిపోతే పింగ్ ఎక్కడికో పోతుంది. పింగ్ 60 ఉన్నా నిలకడగా ఉంటే ఆడొచ్చు. 30కీ 150కీ మధ్య ఊగే పింగ్‌తోనే ఆడలేం.

దుమ్ముగూడెం, చర్ల వైపు చాలామందికి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ తీగతో టెథరింగ్ పెడితే మధ్యలో వైఫై అనే మెట్టు ఒకటి తప్పుతుంది, ఫోన్ కూడా చార్జింగ్‌లో ఉంటుంది. ఫోన్‌ను కిటికీ దగ్గరికి జరిపి, పొడవాటి తీగ వాడండి.

డౌన్‌లోడ్ ఇంకో పెద్ద సమస్య. జీటీఏ 5 సుమారు 100 జీబీ. రోజుకు 2 జీబీ డేటాతో అది యాభై రోజుల పని, అదీ ఇంకేదీ చూడకుండా ఉంటే. ఖమ్మంలో ఫైబర్ ఉన్న మిత్రుడి దగ్గర అదే ఆట ఉంటే అతని స్టీమ్ ఫోల్డర్‌లోని ఆట ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్కులో తెచ్చుకుని మీ స్టీమ్ ఫోల్డర్‌లో అదే చోట పెట్టండి. మీ ఖాతాలో ఆట కొని ఉండాలి. ఇన్‌స్టాల్ నొక్కితే స్టీమ్ ఉన్న ఫైళ్లను సరిచూసుకుని తక్కువైనవి మాత్రమే దింపుకుంటుంది. హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక్క డిస్కుతో ఊరంతటికీ ఆటలు మోయగలరు.

గేమ్ అనగానే ఇంట్లో పెద్దలకు రమ్మీ యాప్‌లు గుర్తొచ్చి భయపడతారు. వాళ్ల భయంలో అర్థముంది. డబ్బు పందెం ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం తెచ్చిన చట్టం కూడా వాటిని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఈ తేడాను పిల్లలే ఓపిగ్గా ఇంట్లో చెప్పాలి. పైగా ఇక్కడ ఆట కోసం చేసిన బాగుచేతంతా అదే పీసీలో కోడింగ్ నేర్చుకోవడానికి, వీడియో ఎడిటింగ్‌కు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. షిఫ్టు దిగి వచ్చిన సింగరేణి కార్మికుడి జీతంలోంచి, మిర్చి అమ్మిన డబ్బులోంచి కొన్న యంత్రం అది. పదేళ్లు నిలవాలి.

ఇవన్నీ చేశాక కూడా చేతిలో డబ్బుంటే వరస ఇదీ. ఇంకా పాత హార్డ్ డిస్కు మీదే విండోస్ నడుస్తుంటే మొదట ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ ఒకే పుల్ల ఉంటే రెండో పుల్ల. ఆ తర్వాత మంచి ఎస్‌ఎంపీఎస్. కార్డు చివర్న. కార్డు ఎంచుకునేటప్పుడు ఫ్రేములతో పాటు వాట్లు చూడండి: జీటీఎక్స్ 1650కి 75 వాట్లు, ఆర్‌ఎక్స్ 580కి 185. మన గదుల్లో, మన యూపీఎస్‌ల మీద ఆ 110 వాట్ల తేడా చాలా పెద్దది. సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 చవగ్గా దొరుకుతోందంటే పేరు చివర 2048ఎస్‌పీ అని ఉందేమో చూడండి. అది ఆర్‌ఎక్స్ 570 స్థాయి చిప్పే, 580 పేరుతో వస్తుంది. షాపులోనే పీసీకి తగిలించి, జీపీయూ-జెడ్‌లో షేడర్ల అంకె 2304 చూపిస్తోందో లేదో చూసుకుని, అరగంట ఏదైనా బరువైన ఆట నడిపి, పూర్తి మోడల్ పేరు బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.